ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత



రైలు కూత మీరు విన్నారు. లాంచీ కూతా వినే ఉంటారు. ఈవేళ ఇంకో కూత సంగతి చెబుతాను. ముందు పొట్టిగా ఏడుసార్లు. ఆ వెంటనే పొడుగ్గా ఒక్కసారి. ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది. ఈ లెక్క కాస్త మనసులో పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

నేను పుట్టి పెరిగింది, కాపురం చేస్తున్నది గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో. నాకు నీళ్లు కొత్త కాదు. పడవలు కొత్త కాదు. కానీ సముద్రం మీద ఓడెక్కింది మాత్రం అరవై దాటాకే. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలో ఉద్యోగాలు చేస్తున్నారు. మా పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని, మా ఇద్దరికీ ఒక వారం ఓడ ప్రయాణం కానుకగా ఇచ్చారు. గ్రీసు దేశంలో, ఏథెన్సును ఆనుకుని ఉన్న పిరేయస్ రేవు నుంచి.

ఓడ ప్రయాణం అనగానే మీకు ఏడెనిమిది అంతస్తుల భవనం నీళ్ల మీద తేలుతున్నట్టు కనపడుతుంది కదూ! 2022లో మన విశాఖపట్నం రేవుకు క్రూయిజ్ ఓడ వచ్చినప్పుడు పేపర్లలో అలాంటి బొమ్మలే చూశాం. ఇప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడల్లో ఏడువేల మందికి పైగా ప్రయాణికులు పడతారట. ఒక మేజరు పంచాయతీ మొత్తం ఓడెక్కినట్టు.

మేము ఎక్కింది అలాంటిది కాదండీ. చిన్న ఓడ. యాట్ అంటారు. ప్రయాణికులు వంద మంది. సిబ్బంది కూడా ఇంచుమించు అంతమందే. వంద మందికి వంద మంది. రెండు పెళ్లి బస్సుల్లో పట్టే జనం, వాళ్లను చూసుకోవడానికి మరో రెండు బస్సుల జనం. ఇలాంటి చిన్న విలాస నౌకలకు దారి చూపింది 1984లో వచ్చిన సీ గాడెస్ అనే ఓడ. ధనవంతుల సొంత యాట్ మీదికి అతిథిగా పిలిస్తే ఎలా ఉంటుందో, అలా ఉండాలన్నది దాన్ని కట్టించిన వాళ్ల ఆలోచన. పేరు మారింది గానీ, ఆ ఓడ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

ఇది ఖరీదైన ప్రయాణం. పిల్లలు కట్టారు కాబట్టి మేం ఎక్కగలిగాం. మీలో చాలామందికి దీని అవసరం ఎప్పటికీ పడకపోవచ్చు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఓడ మీద మొదటి రోజు నేను నేర్చుకున్న సంగతికి పైసా ఖర్చు లేదు. అది గోదావరి లాంచీకీ పనికొస్తుంది, కృష్ణ మీద బోటుకీ పనికొస్తుంది.

మధ్యాహ్నం రెండున్నరకు రేవుకు చేరాం. పిరేయస్ చాలా పెద్ద రేవు. దీవులకు వెళ్లే ఫెర్రీలు వరసగా నిలబడి, వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. లారీలు, కార్లు ఆ తలుపుల్లోంచి లోపలికి వెళ్లిపోతున్నాయి. వాటన్నిటినీ దాటాక, ఓ మూల తెల్లగా, సన్నగా ఒక ఓడ. అదే మాది. దాన్ని చూడగానే మా వారు, "ఇంత చిన్నదా?" అన్నారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క చూపులో కనపడింది. మన లాంచీలాగే కనపడింది.

గట్టు మీదే మా పెట్టెలు తీసుకున్నారు. గది నంబరు రాసిన చీటీ కట్టి పట్టుకెళ్లిపోయారు. మళ్లీ అవి మా కంటపడింది గంటన్నర తర్వాత, మా గదిలో. అమ్మాయి ముందే ఫోనులో చెప్పింది. "అమ్మా, నాన్న మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టకు. చేతి సంచిలో పెట్టు" అని. ఆ మాట మీకూ చెబుతున్నాను. పాస్‌పోర్టు, రోజూ వేసుకునే మాత్రలు, కళ్లజోడు, ఒక జత బట్టలు. ఇవి చేతి సంచిలోనే ఉండాలి. ఓడైనా, రైలైనా, విమానమైనా, మాత్రలు చేతి సంచిలోనే.

గట్టు మీంచి ఓడలోకి వేసిన మెట్లవంతెన ఎక్కాం. గోదావరి మీద లాంచీకీ ఒడ్డుకీ మధ్య బల్ల వేస్తారే, అలాంటిదే. దీనికి రెండు పక్కలా కమ్మీలున్నాయి. పైన ఒకతను చెయ్యందించాడు. లోపల చల్లటి తడి తువ్వాలు ఇచ్చారు. కూర్చోబెట్టారు. ఆపైన పాస్‌పోర్టులు అడిగి తీసుకుని, తమ దగ్గరే ఉంచుకుంటామన్నారు.

పరాయి దేశంలో పాస్‌పోర్టు చేతిలోంచి వెళ్లిపోతే గుండె జారుతుంది కదండీ. నాకూ అలాగే అయింది. ఎందుకని అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. దారిలో రేవుల దగ్గర అధికారులు అడిగితే, అందరి కాగితాలూ ఓడవాళ్లే చూపిస్తారట. ఆఖరి రోజున తిరిగి ఇచ్చేస్తారట. అందుకే పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి మన దగ్గర ఉంచుకోవడం మంచిది.

మా ఇద్దరికీ ఫొటోలు తీశారు. చెరొక కార్డు ఇచ్చారు. ఆ కార్డే గది తాళం. ఆ కార్డే మనిషి లెక్క. ఊరు చూడ్డానికి దిగేటప్పుడు మెట్ల దగ్గర దాన్ని చూపించాలి. తిరిగి ఎక్కేటప్పుడు మళ్లీ చూపించాలి. ఎంతమంది దిగారో, ఎంతమంది ఎక్కారో, ఇంకా ఒడ్డున ఎవరున్నారో, ఓడకు ఏ నిమిషాన్నయినా తెలుసు. ఈ లెక్కను మాత్రం మరిచిపోకండి. తర్వాత దీని విలువేమిటో చెబుతాను.

గది చిన్నది. శుభ్రంగా ఉంది. స్నానాల గదికి ఎత్తయిన గడప. ఓడల్లో గడపలు ఎత్తుగానే ఉంటాయి. నీళ్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకకుండా. మనం గడప చూసుకుని అడుగేసే అలవాటున్న వాళ్లం కాబట్టి ఇబ్బంది లేదు. అలమరా తెరిస్తే, బట్టలు తగిలించే చోట రెండు లైఫ్ జాకెట్లు ఉన్నాయి. నారింజ రంగువి. బరువైనవి.

సరిగ్గా నాలుగున్నరకు ఆ కూత వినిపించింది.

పొట్టిగా ఏడు. పొడుగ్గా ఒకటి.

అది ప్రపంచంలో ఏ ప్రయాణికుల ఓడ మీదైనా ఒకటే సంకేతం. ప్రమాదం వచ్చింది, జాకెట్లు తీసుకుని మీకు చెప్పిన చోటికి రండి అని. ఆవేళ ప్రమాదమేమీ లేదు. డ్రిల్లు. అంటే అభ్యాసం. ఓడ ఇంకా తాళ్లు కూడా విప్పలేదు. కానీ వంద మందీ రావలసిందే. రాని వాళ్ల పేర్లు పిలిచారు. వాళ్లు వచ్చేదాకా ఆగారు.

అప్పుడు జాకెట్ ఎలా వేసుకోవాలో చూపించారు. నేను వేసుకున్నాను. ముందు బకిల్ టక్కుమనిపించాను. అయిపోయిందనుకున్నాను. ఒక నావికుడు వరసగా ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. ఫిలిప్పీన్స్ దేశస్థుడు. ముప్ఫై ఏళ్లుంటాయేమో. నా దగ్గరికి వచ్చి, తల వంచి నవ్వి, నా రెండు భుజాల దగ్గర జాకెట్ పట్టుకుని పైకి లాగాడు. జాకెట్ లేచి నా గడ్డానికి తగిలింది. అతను తల అడ్డంగా ఊపాడు. నడుము దగ్గరి పట్టీ లాగి బిగించాడు. మళ్లీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాడు. ఈసారి జాకెట్ కదల్లేదు. "ఓకే, మేడమ్" అన్నాడు. జాకెట్‌కు కట్టి ఉన్న చిన్న విజిల్ చూపించాడు. ఆ పక్కనే చిన్న దీపం చూపించాడు. చీకట్లో నీళ్లలో పడితే, మనం ఇక్కడున్నామని చెప్పడానికి. తర్వాత మా వారి దగ్గరికి వెళ్లాడు. భుజాలు పట్టుకుని పైకి లాగాడు. అక్కడి నుంచి ఆ పక్కవాళ్ల దగ్గరికి.

అతను అలా రెండుసార్లు లాగేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం మేమంతా కుటుంబంతో పాపికొండలు చూడ్డానికి లాంచీలో వెళ్లాం. లైఫ్ జాకెట్లు ఉన్నాయి. ఓ మూల కుప్పగా, తాడుతో కట్టేసి ఉన్నాయి. అడిగితే, "ఎండగా ఉందండీ, ఉక్కపోస్తుంది, ఏం ఫర్వాలేదు" అన్నారు. మేమూ ఊరుకున్నాం. పిల్లలు ఆ కుప్ప మీదెక్కి ఆడుకున్నారు. ఆ రోజు గోదారి తల్లి మమ్మల్ని క్షేమంగా ఒడ్డున దించింది. కానీ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగింది. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనందరికీ తెలుసు. ఆ రోజు బోటులో ఎంతమంది ఉన్నారో, ఆ లెక్క కూడా మొదట సరిగ్గా తేలలేదు. ఒడ్డున నిలబడి తమవాళ్ల కోసం ఎదురుచూసిన వాళ్లు మా జిల్లా వాళ్లు, వరంగల్లు వాళ్లు, హైదరాబాదు వాళ్లు. మనవాళ్లు.

ఇందాక కార్డు లెక్క గుర్తుంచుకోమన్నాను కదా. దాని విలువ ఇదీ. ఎవరు ఎక్కారో తెలియడం. ఎవరు ఇంకా రాలేదో తెలియడం. జాకెట్ ఉండటం ఒక్కటే చాలదు. అది ఒంటి మీద ఉండాలి. ఒంటి మీద ఉంటే చాలదు. పట్టీ బిగిసి ఉండాలి.

ఈ పద్ధతి సముద్రం మీద కూడా ఊరికే రాలేదండీ. 1912లో టైటానిక్ మునిగింది. అందులో ఉన్నవాళ్లందరికీ సరిపడా ప్రాణరక్షక పడవలు లేవు. రెండేళ్లకు, 1914లో, దేశాలు కూర్చుని సముద్రం మీద ప్రాణరక్షణకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. సోలాస్ అంటారు దాన్ని. ఎన్నోసార్లు తిరగరాసిన ఆ ఒప్పందమే ఇప్పటికీ నడుస్తోంది. అయినా ఒక సందు మిగిలిపోయింది. ఓడెక్కిన 24 గంటల్లోపు ఎప్పుడు డ్రిల్లు చేసినా చాలన్నది నిబంధన. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కన్‌కార్డియా అనే పెద్ద ఓడ రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందలాది మందికి ఇంకా డ్రిల్లు జరగనే లేదు. ఆ తర్వాత నిబంధన మార్చారు. ఓడ కదలకముందే చెయ్యాలి, లేదా కదిలిన వెంటనే. ఆ మార్పు వల్లే, రేవులో కట్టేసి ఉన్న ఓడ మీద, ఆ నావికుడు నా భుజాలు పట్టుకుని లాగాడు. నాకు తెలియని ఎవరెవరో పోగొట్టుకున్నది, నన్ను కాపాడటానికి నా నడుముకు పట్టీ అయి బిగిసింది.

సాయంత్రం ఐదున్నరకు ఓడ కదిలింది. కదిలిందని ఒడ్డును చూస్తేనే తెలిసింది. గట్టుకూ ఓడకూ మధ్య జానెడు నీళ్లు. తర్వాత బారెడు. ఆ తర్వాత పిరేయస్ మొత్తం కొండల మీద పేర్చిన తెల్లటి గవ్వల్లా అయిపోయింది.

రాత్రి భోజనానికి భయపడ్డాను. మేం శాకాహారులం. ఆ సంగతి నెల రోజుల ముందే అమ్మాయి రాసి పంపింది. మీరెప్పుడైనా వెళితే, తిండి నియమాలు, జబ్బులు ముందే రాసి పంపండి. చిన్న ఓడలో వంటగది చిన్నది. కావాల్సినవి రేవులోనే కొనుక్కోవాలి. మాకు ఆ రాత్రి ఒక గిన్నెలో పసుపుపచ్చటి ముద్ద తెచ్చి పెట్టారు. పైన ఆలివ్ నూనె, సన్నగా తరిగిన ఉల్లిపాయ. దాన్ని ఫావా అంటారు. సాంటొరీని దీవిలో పండే ఒక రకం పప్పును మెత్తగా ఉడికించి చేస్తారు. నోట్లో పెట్టుకుంటే మన ముద్దపప్పు. నెయ్యి బదులు ఆలివ్ నూనె, అంతే. మా వారు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

చిన్న ఓడ పెద్ద ఓడకన్నా ఎక్కువ ఊగుతుంది. ఇది ముందే తెలుసుకోవాలి. మన చెవి లోపల ఒంటి తూకం చూసే భాగం ఒకటుంది. ఓడ ఊగుతోందని అది చెబుతుంది. నాలుగు గోడల మధ్య కూర్చుంటే, ఏమీ కదలడం లేదని కన్ను చెబుతుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. అందుకని డెక్కు మీదికి వచ్చి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడాలి. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటే కొంత నయం. మాత్ర కావాలంటే బయలుదేరకముందే డాక్టరును అడిగి వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు.

మర్నాడు పొద్దున కాఫీ తెచ్చిన అబ్బాయి మమ్మల్ని పేర్లు పెట్టి పలకరించాడు. నా పేరు అతని నోటికి కొత్త. రెండక్షరాలు తప్పాయి. మెల్లగా సరిచేశాను. సాయంత్రానికి తప్పు లేకుండా పలికాడు. వారం రోజులూ ఆ ఓడ మీద నన్ను గది నంబరుతో పిలిచిన వాళ్లు ఒక్కరూ లేరు.

ఆ పొద్దునే కోరింథు కాలువ దాటాం. చిన్న ఓడ ఎందుకు ఎక్కాలో నాకు అక్కడ తెలిసింది. గ్రీసు దేశం నడుం దగ్గర నేల సన్నబడి, అటు సముద్రం, ఇటు సముద్రం. ఆ సన్నటి నేలను అడ్డంగా కోసి కాలువ తీశారు. పొడుగు 6 కిలోమీటర్ల పైచిలుకు. తవ్వాలన్న ఆలోచన వేల ఏళ్ల నాటిది. అది కుదరక, పూర్వం అక్కడ రాళ్లు పరిచిన బాట వేసి, ఓడల్ని నేల మీదే లాక్కెళ్లేవారు. మనం రథం లాగినట్టు. క్రీస్తుశకం 67లో రోమన్ చక్రవర్తి నీరో తవ్వకం మొదలుపెట్టించాడు. మరుసటి ఏడే పోయాడు. పని ఆగింది. ఆగిన పని పూర్తయింది 1893లో.

మేం ధవళేశ్వరం కాలువల పక్కన పెరిగిన వాళ్లం. కాలువంటే రెండు గట్లు, గట్ల మీద చెట్లు. ఇక్కడ గట్లు లేవు. రెండు పక్కలా నిలువునా రాతిగోడలు. కొన్నిచోట్ల దాదాపు 80 మీటర్ల ఎత్తు. మొదట్లో రోడ్డు వంతెన ఒకటుంది. ఓడ వస్తోందంటే అది పైకి లేవదు. నీళ్లలోకి మునుగుతుంది. ఓడ దాని మీదుగా దాటాక, నీళ్లు కారుతూ మళ్లీ పైకి తేలుతుంది. ముందు ఒక చిన్న టగ్ బోటు మా ఓడను తాడుతో లాగుతోంది. మా ఓడకూ గోడకూ మధ్య ఏ రెండు బారలో ఖాళీ. రాతి పొరలు, పగుళ్లలోంచి పొడుచుకొచ్చిన మొక్కలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత దగ్గర. డెక్కు మీద ఉన్న వంద మందిమీ మాటలు ఆపేశాం. టగ్ బోటు ఇంజను చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. పైన వంతెన మీద ఎవరో పిల్లలు చేతులూపారు. ఏడువేల మంది పట్టే ఓడ ఈ సందులోకి రాలేదు. చుట్టూ తిరిగి పోవలసిందే.

ముందురోజు నా పట్టీ బిగించిన నావికుడు ఓడ పక్కన వంగి, గోడ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. అతని ఒంటి మీద కూడా లైఫ్ జాకెట్. నడుము దగ్గర పట్టీ బిగించి ఉంది.

శ్రోతలారా, ఆ ఓడ మీద మెత్తటి పరుపులున్నాయి. వెండి గిన్నెలున్నాయి. అవన్నీ చూశాను, ఆనందించాను. కానీ విలాసం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, నేను ఒకటే చెబుతాను. మనల్ని మనిషిగా లెక్కపెట్టడం. మన పేరు తెలుసుకోవడం. మన పట్టీ బిగిసిందో లేదో ఇంకొకరు చెయ్యి పెట్టి చూడటం. దీనికి డబ్బు అక్కర్లేదు. శ్రద్ధ ఉంటే చాలు.

తిరిగొచ్చాక, కార్తీకమాసంలో మనవలతో గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. కచ్చులూరు తర్వాత పద్ధతులు మారాయి. ఇప్పుడు అందరికీ జాకెట్లు ఇస్తున్నారు. సంతోషం. పిల్లలు వేసుకున్నారు. నేను ఒక్కొక్కరి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను. చిన్నవాడి జాకెట్ చెవుల దాకా లేచింది. పట్టీ బిగించి, మళ్లీ లాగాను. కదల్లేదు.

జాకెట్లు పంచుతున్న కుర్రాడు చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుంటాయి. "ఎందుకండీ అలా లాగుతున్నారు?" అనడిగాడు. చెప్పాను. "నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది నాయనా. పట్టీ వదులుగా ఉంటే మనిషి కిందికి జారిపోతాడు" అన్నాను. అతను ఏమీ అనలేదు. వెళ్లి ముందు వరసలో కూర్చున్న ముసలాయన భుజాలు పట్టుకుని పైకి లాగాడు. పట్టీ బిగించాడు. ఆ పక్కనున్న ఆవిడ దగ్గరికి వెళ్లాడు. అక్కడి నుంచి ఆ పక్కకి.

అతను ఆఖరి వరస దాకా వెళ్లి వచ్చాక, సరంగు కూత వేశాడు. ఒక్కటే కూత. బయలుదేరే కూత.

మీ ప్రయాణాలన్నిటిలో మీరు ఆ కూతే వినాలి. ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది డ్రిల్లులో తప్ప మీ చెవిన ఎన్నడూ పడకూడదు. ఒకవేళ పడితే, అప్పటికే మీ పట్టీ బిగిసి ఉండాలి.